క్యారెట్లు తిన్న తెలంగాణ తల్లి

ఉద్యమం రోజుల్లో నేను జగిత్యాలలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇల్లు కోరుట్లలో. కాలేజీ వాళ్లందరం కలిసి పెద్ద ర్యాలీ తీయాలని, ముందు ట్రాక్టరు మీద తెలంగాణ తల్లి నిలబడాలని అనుకున్నప్పుడు మా తెలుగు మేడం నన్ను ఎంపిక చేసింది. నాకున్న అర్హత ఒక్కటే, ఎత్తు. కిరీటం పెడితే దూరం నుంచి కూడా జనానికి కనబడతానని ఆమె ఉద్దేశం. ఆ మాట చెప్పాక నన్ను కాసేపు పరీక్షగా చూసి, ముఖంలో కాస్త కళ తెచ్చుకోమనీ, నెల రోజుల టైముందనీ అన్నది.

ఆమె తప్పేమీ లేదు. అప్పటి నా చర్మం అలాంటిది. పిక్క మీద గోటితో గీస్తే తెల్లటి గీత పడేది. పాఠం నచ్చని రోజు కాలి మీద పువ్వులు గీసుకుంటూ కూర్చునేదాన్ని. పెదవులు పగిలి, నవ్వితే రక్తం వచ్చేది. ఇదంతా నేను చేసుకున్నదే. నూనె తింటే మొటిమలు వస్తాయని ఏదో వారపత్రికలో చదివి, ఏడాదిగా నూనె, నెయ్యి, పల్లీలు, గుడ్డు అన్నీ మానేశాను. మా అమ్మ బీడీలు చుట్టేది. పల్లీల చట్నీ వద్దనే మనిషిని ఆమె అంతకుముందు ఎక్కడా చూడలేదు. నన్ను కన్నది తనేనా అన్న అనుమానం ఆమెకు అప్పుడప్పుడూ వచ్చేది.

మేడం మాట పట్టుకుని మా మేనమామ కూతురి దగ్గరికి పోయాను. నాకు వదిన అవుతుంది. జగిత్యాలలో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేసేది, అందువల్ల చర్మం గురించి ఆమె చెప్పిందే మాకు వేదం. క్రీములన్నీ గోడకు సున్నం వేసినట్టేననీ, అసలు నిగారింపు లోపలి నుంచి రావాలనీ చెప్పి, నారింజ రంగు గోలీలున్న సీసా చేతిలో పెట్టింది. సీసా మీద ఒక అమ్మాయి బుగ్గలు బల్బుల్లా వెలుగుతున్నాయి. రోజుకు ఒకటి అని రాసి ఉంది. నెలలో తల్లిని కావలసినదాన్ని, ఒకటి ఏం సరిపోతుందని మూడు మింగాను. పొద్దున క్యారెట్ రసం, మధ్యాహ్నం అన్నానికి బదులు క్యారెట్లు, సాయంత్రం బొప్పాయి. మా వాడకట్టులో మేకలు కూడా నాకంటే రకరకాలు తినేవి.

మూడో వారానికి అరచేతులు పచ్చబడ్డాయి. తర్వాత పాదాలు, ముక్కు పక్కలు. వదినకు చూపిస్తే, గ్లో మొదలయిందని తేల్చేసింది. నేనూ నమ్మి, క్లాసులో అందరికీ చేయి చాపి చూపించాను.

అమ్మ మాత్రం నమ్మలేదు. ఒకరోజు అన్నం పెడుతూ నా చేయి చూసి, వాకిట్లోకి ఈడ్చుకుపోయి ఎండలో తిప్పి తిప్పి చూసింది. ఆమె తమ్ముడొకడు పెళ్లికి ముందే కామెర్లతో చనిపోయాడు. ఆ రోజు ఆమె నన్ను తిట్టలేదు. తిట్టకపోవడంతోనే నాకు నిజంగా భయమేసింది. గోలీల సంగతి దాచిపెట్టాను.

సిరిసిల్ల అవతల తంగళ్ళపల్లిలో ఉండే మా అత్తకు కామెర్లకు పసరు పోసే మనిషి తెలుసు. మర్నాడే బయలుదేరాం. సమ్మె వల్ల బస్సులు లేవు. మూడు ఆటోలు మారి సిరిసిల్ల చేరేసరికి రోడ్డు బంద్. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. పక్కన టెంటులో రిలే నిరాహార దీక్ష. అమ్మ అక్కడున్న వాళ్లను బతిమాలింది.

"మా బిడ్డకు కామెర్లయినయి, జర తొవ్వ ఇడువుండ్రి."

వాళ్లు తొవ్వ ఇవ్వలేదు, టెంటు చూపించారు. ఆ రోజు దీక్షలో కూర్చున్నది డాక్టర్లే.

మధ్యలో ఉన్న పెద్దాయన మెడలో బంతిపూల దండ. దాన్ని పక్కకు జరిపి, నా కింది రెప్పలు లాగి చూశాడు. ఆయన ముందున్న మైకు ఆపాలని ఎవరికీ తోచలేదు. మూత్రం పచ్చగా వస్తోందా అన్న ప్రశ్న పాత బస్టాండు దాకా వినిపించి ఉంటుంది. లేదని తల ఊపాను. ఏం తింటున్నావని అడిగాడు. గోలీలు, క్యారెట్లు, బొప్పాయి, మానేసిన నూనె, అన్నీ ఆ మైకులోనే ఒప్పుకున్నాను. పొయ్యిల దగ్గర గరిటెలు ఆగిపోయాయి.

"కండ్లు తెల్లగనే ఉన్నయమ్మా, ఇది కామెర్లు కాదు," అన్నాడు ఆయన అమ్మతో. "తిన్న క్యారెట్ల రంగే తోలుకెక్కింది. అన్నం మానేసి గోలీలు మింగితే చర్మం ఏడికెల్లి బాగైతది?"

గోలీలు ఆపేస్తే రంగు దానంతట అదే పోతుందని, చర్మం ఎండిపోయింది నూనె లేకేనని చెప్పి, ఏమేం తినాలో మొదలుపెట్టాడు. పల్లీలు, నువ్వులు, కోడిగుడ్డు, తోటకూర పప్పులో ఒక చెంచా నెయ్యి, వారానికోసారి చేపల పులుసు. పొద్దుటి నుంచి ఏమీ తినని మనిషి కదా, పులుసు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది. పక్కనున్న డాక్టరు ఇక ఆపమని వేడుకున్నాడు.

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత నా వీపు మీద ఒకటి వేసింది. పొయ్యిల దగ్గరికి పోయి విస్తరిలో అన్నం, పప్పు పెట్టించుకొచ్చి ఆ డాక్టర్ల ఎదురుగానే నాతో తినిపించింది. ఏడాది తర్వాత తాలింపు రుచి తగిలింది. రెండోసారి వడ్డించుకున్నాను. పెద్దాయన మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ రంగు పూర్తిగా పోవడానికి రెండు నెలలు పట్టింది. పల్లీలు, గుడ్లు మొదలుపెట్టాక పెదవులు మానాయి, మొటిమలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కానీ ర్యాలీ పది రోజుల్లోనే వచ్చింది. ఆకుపచ్చ చీర, అట్ట కిరీటం, చేతిలో మక్క కంకులతో ట్రాక్టరు మీద నిలబడ్డాను. చేతులూ పాదాలూ ఇంకా పచ్చగానే ఉన్నాయి. ఆడవాళ్లు అది పసుపు అనుకున్నారు. ఎంత నిష్ఠగా రాసుకున్నదో అని ఒకామె మరొకామెకు చూపించింది. ట్రాక్టరు పక్కన నడుస్తున్న వదిన అది విని నా వైపు చూడకుండా గబగబా ముందుకు నడిచింది.

చౌరస్తాలో ట్రాక్టరు ఆగినప్పుడు ఒక ముసలామె మనవరాలిని ఎత్తుకుని దగ్గరికి వచ్చింది. వద్దంటున్నా నా పాదాలు ముట్టి కళ్లకద్దుకుంది. పాప తల మీద చేయి పెట్టమంది. పెట్టాను. అప్పుడు నా మొహంలోకి చూసి మెల్లగా అడిగింది.

"రాష్ట్రం ఎప్పుడిస్తరు బిడ్డా?"

నాకేం తెలుసు. అయినా కిరీటం పెట్టుకుని తెలియదనడం బాగుండదు.

"అస్తదవ్వా, జల్దినే అస్తది," అన్నాను.

ఆమె తల ఊపి, పాపను చంకకు మార్చుకుని గుంపులో కలిసిపోయింది.