సుందరి టైరులో ఈతముల్లు

బుచ్చిరాజుగారితో సుందరి వేసుకున్న తగువు నేను గట్టుకి ఎదురుగా ఉన్న మా అరుగు మీద కూర్చునే చూశాను. ఆ పొద్దున కరెంటు పోయి, ఆయన రొయ్యల చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయి. కాపలా మనిషి సుందరే. ఆమె వచ్చి జనరేటరు వేసేసరికి ఆలస్యమై కొన్ని రొయ్యలు చచ్చి తేలాయి.

"నువ్వొచ్చేదాకా రొయ్యలు ఊపిరి బిగబట్టుకుని కూచుంటాయనుకున్నావా?" అని ఆయన గట్టంతా వినబడేలా అరిచారు.

సుందరి సైకిలు పడుకోబెట్టి, టైరులోంచి ముల్లు పీకి ఆయన అరచేతిలో పెట్టింది.

"ఇదెవరిదండి రాజుగారూ?"

"ఎవరిదైతే నాకేంటి?"

"మీదేనండి. కంచె కట్టించి, మిగిలిన ఈతమట్టలు గట్టు మీదే పారేయించేరు. కంచె చేను మేసిందంటే విన్నాను గానండి, రొయ్యల్ని మేయడం ఇదే చూడ్డం."

కూలీలు మొహాలు పక్కకి తిప్పుకుని నవ్వారు. రాజుగారు సాయంత్రానికల్లా గట్టు ఊడ్పించారు. పోతూ పోతూ మాత్రం, "ఇంకోసారి ఆలస్యమైతే మోటారుసైకిలున్నవాణ్ణి పెట్టుకుంటాను" అన్నారు. నెగ్గిన తగువులోనూ ఆ ముల్లొకటి మిగిలిపోయింది. మొగుడు పోయాక సుందరికి ఆ కాపలాయే కూడు మరి.

ఆ సైకిలు కొడుకు ప్రవీణ్ కుమార్‌ది. కాలేజీకని కొనిపించుకుని, మోటారుబండి రాగానే దీన్ని మూల పడేశాడు. కొండలెక్కే సైకిలట. కోనసీమలో కొండెక్కడ ఏడ్చిందో వాడికే తెలియాలి. లావు టైర్లు బురద గట్టు మీద జారవని తల్లి ఎక్కింది. యాభై దాటిన మనిషి చుడీదారు వేసుకుని గేర్లు మార్చుకుంటూ పోతుంటే వీధంతా నవ్వింది. అది తిరిగి చూస్తేనా!

రోజూ సాయంత్రం చక్రాలు కడగడానికి మా బోరింగు దగ్గరికి వస్తుంది. చెరువు నీళ్ళు ఉప్పు. అలాగే వదిలేస్తే చువ్వలు తుప్పు పట్టి పుటుక్కున తెగుతాయి. మంచినీళ్ళు పోసి, పాత గుడ్డతో తుడిచి, చక్రం పైకెత్తి తిప్పి వంకర పోయిందేమో చూస్తుంది. టైరు గాట్లలో ఇరుక్కున్న నత్తగుల్ల ముక్కల్ని జడపిన్నుతో తీస్తుంది.

"ఏమే, నీ జడ కంటే దాని సింగారమే ఎక్కువైందే" అన్నానొకసారి.

"జడ ఊడితే రొయ్యలు చావవు కదండి మామ్మగారూ" అంది.

ఈ ఊళ్ళో నా నోటికి ఎదురు నోరు అదొక్కటే.

గాలి దగ్గర మహా పట్టింపు. తగ్గితే గుల్ల మీదెక్కినప్పుడు ట్యూబు నలిగి చిరుగుతుందట, బిర్రుగా కొడితే బురదలో జారుతుందట. బొటనవేలితో నొక్కి చూసుకుని పంపు ఆపుతుంది. పంచరు పడితే అతుకు వేసి ఊరుకోదు, టైరు లోపలంతా వేలితో తడుముతుంది. ఒకసారి తొందరలో తడమకుండా కొత్త ట్యూబు వేస్తే, లోపల విరిగి ఉండిపోయిన ముల్లు మొన దాన్ని కూడా పొడిచేసింది.

నిన్న సాయంత్రం మబ్బు పట్టింది. ఆకు కదల్లేదు. ఇలాంటి పూటే రొయ్యలకి ఊపిరాడదు. పైగా కరెంటు వస్తూ పోతూ ఉంది. సుందరి సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ముల్లు గుచ్చుకుని అతుకు వేసిన టైరే మళ్ళీ గాలి దిగిపోయింది. బోరింగు పక్కన కూలబడి, టైరు విప్పి లోపల వేళ్ళు పెట్టి తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"దొరకలేదా?" అన్నాను.

"ఉందండి. నాకే తెలవట్లేదు. చెరువులో సున్నం, బ్లీచింగు చల్లీ చల్లీ వేళ్ళు చచ్చిపోయేయి. పొద్దున్న కాలే గ్లాసు పట్టుకున్నా తెలవలేదండి."

నల్ల టైరులో నల్ల మొన, కంటికేం కనబడుతుంది? చివరి చెరువు దాకా నడిచి పోతే ఆలస్యమై రాజుగారి మాట నిజమవుతుంది. నేను స్నానం చేసి, దీపానికి వత్తులు చేసుకుంటున్నాను. టైరు నిండా రొయ్యల బురద కంపు, ముట్టుకుంటే మళ్ళీ స్నానమే.

"నా వైపు చూడకు" అన్నాను.

అది నా మొహం చూడలేదు, వేళ్ళు చూసింది.

"మామ్మగారూ, పత్తిలో నలుసున్నా మీ వేళ్ళకి తెలుస్తుంది. ఆ వత్తులు పక్కనెట్టి ఇందులో చెయ్యెట్టి చూడండి. మెల్లిగానండి, గుచ్చుకుంటుంది."