మూడుసార్లు కదిలిన తాడు

దెయ్యాల మీద నమ్మకం ఉన్నవాడు రొయ్యల చెరువులు చేయలేడు. భీమవరం దగ్గర మా చెరువు గట్టు మీద పదిహేనేళ్లుగా ఒంటరిగా కాపలా పడుకుంటున్నాను. పాము భయం ఉంది, కరెంటు పోతుందన్న భయం ఉంది, అంతకు మించి ఏ భయమూ లేదు. ఇది రాస్తున్నది ఎవర్నీ భయపెట్టడానికి కాదు. ఆ రోజు మా బావగారిని నేను లాగి పడేయలేదని చెప్పుకోవడానికి.

ఆ చెరువులు నేనూ, మా అక్క భర్త అయిన బావగారూ కలిసి చేస్తున్నాం. రెండేళ్ల కిందట, ఇక విడిపోదామని నేనే అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు. అక్క మధ్యలో నలిగిపోయింది. ఇద్దరూ కలిసి ఎక్కడికైనా వెళ్లిరండి, మనసులు కుదుటపడతాయంది. బావగారికి ఫోనులో కొండలెక్కే వీడియోలు చూసే పిచ్చి. పోలవరం పైన ఏజెన్సీ కొండల్లో ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి నడిచి దాటొచ్చని ఎక్కడో విన్నారు. అన్నవరం మెట్లు తప్ప ఏ కొండా ఎక్కి ఎరగని మేం చలికాలంలో బయల్దేరాం.

అక్కడి ఊరివాడు పండయ్య దారి చూపించాడు. మొదటి శిఖరం ఎక్కేసరికి పొద్దున తొమ్మిదైంది, నాకు మోకాళ్లు పట్టేశాయి. అక్కడి నుంచి రెండో శిఖరం దాకా సన్నటి రాతిగట్టు. కొన్నిచోట్ల మూరెడు వెడల్పు కూడా లేదు. రెండు పక్కలా లోయ.

"గట్టే కదయ్యా, పుట్టినప్పట్నుంచీ నడుస్తున్నదే" అన్నారు బావగారు. నాకూ అలాగే అనిపించింది. చెరువుల మధ్య పుట్టినవాళ్లే చేసే పొరపాటు అది. చెరువు గట్టు మీంచి జారితే బురదలో పడతాం, అంతే.

పండయ్య మాత్రం తాడు కట్టుకోకపోతే వెళ్లనివ్వనన్నాడు. చెరువు దగ్గరి తాడే తెచ్చుకున్నాం. మేత చల్లడానికి ఒకరు తెప్ప మీద వెళ్తే, ఇంకొకరు గట్టు మీద తాడు పట్టుకుంటాం. నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ల మోతలో కేకలు వినబడవు కాబట్టి తాడు లాగి చెప్పుకుంటాం. రెండుసార్లు లాగితే ఇంకాస్త తాడు వదలమని. మూడుసార్లు లాగితే వెనక్కి లాగెయ్యమని. ఇక్కడా అదే పద్ధతి అనుకున్నాం.

బావగారు ఒక కొస నడుముకు కట్టుకుని ముందు వెళ్లారు. రెండో కొస చెట్టుకు ఓ చుట్టు చుట్టి నేను పట్టుకున్నాను. పండయ్య నా వెనకే, నా బెల్టు పట్టుకుని నిలబడ్డాడు. బావగారు ఇరవై బారలు వెళ్లారో లేదో, గోదారి మీంచి మంచు లేచి ఆయన్ని కప్పేసింది. రెండుసార్లు లాగారు, వదిలాను. మళ్లీ రెండుసార్లు, మళ్లీ వదిలాను. తర్వాత చాలాసేపు తాడు కదల్లేదు.

అప్పుడు లాగింది. ఒకటి. రెండు. మూడు. తొందరేం లేకుండా, గట్టిగా. పండయ్య కూడా చూశాడు. నేను బలమంతా పెట్టి లాగాను. గుంజకు కట్టేసినట్టు బిగిసి ఉంది, జానెడు కూడా రాలేదు. ఆ వెంటనే బావగారి కేక. కేక వినిపించిందే గానీ, మనిషి పడిన కుదుపు నా చేతికి తెలియలేదు. ఆ సంగతి అప్పుడు ఆలోచించలేదు. అక్క మొహమే కళ్లముందు కదిలింది.

ఇద్దరం పాక్కుంటూ వెళ్లాం. గట్టు సగంలో ఒక రాతికొమ్ము పైకి పొడుచుకొచ్చి ఉంది. తాడు దానికి ముడేసి ఉంది, ఎవరు వేశారని ఆలోచించే వ్యవధి లేదు. దాని అవతల, రెండు మూడు బారల కింద, బావగారు వేలాడుతున్నారు. ఆయన కాళ్లు రాతికి తన్నిపెడుతుంటే మేం లాగి పైకి చేర్చాం.

"ఎందుకు లాగావయ్యా?" ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే.

"మీరే కదండీ మూడుసార్లు లాగింది!"

"రెండు చేతులతో రాయి పట్టుకున్నవాణ్ణి ఎలా లాగుతానండీ?"

మా వైపు ఒళ్లు మండితే అండీలు ఎక్కువవుతాయి. తిరిగొచ్చేటప్పుడు ఆయన తాడు కొస నా చేతికివ్వలేదు, పండయ్యకిచ్చారు.

ఇంటికొచ్చి అక్కతో చెప్పేశారు, నడుము దగ్గర వెనక్కి గట్టిగా గుంజితేనే పడ్డానని. అక్క అన్నం వడ్డిస్తూ నా చేతులకేసి చూసింది. దానికన్నా నాలుగు తిట్టినా బాగుండేది. నేను ఆయన్నే అనుమానించాను, భయపడి లాగి, పరువు కోసం అబద్ధమాడుతున్నారని. పండయ్యనూ అనుమానించాను గానీ, అతను నా వెనక ఉన్నాడు.

పది రోజుల తర్వాత చెరువు దగ్గర గుంజకు తాడు కడుతుంటే చెయ్యి ఆగిపోయింది. ఆ రాతికొమ్ముకు ఉన్నది మేం ఈ గుంజలకు వేసే ముడే. నేరుగా ఇంటికెళ్లి, అక్క ముందే అడిగాను.

"ఆ ముడి ఎవరు వేశారండీ?"

"నేనే" అన్నారు బావగారు. "మంచులో ఎవరికీ కనిపించం కదా. నువ్వు వదిలేస్తావేమోనని..."

మనసు చివుక్కుమంది. పదిహేనేళ్లు ఆయన తాడు పట్టుకున్నది నేనే. అంతలో అక్క అడిగింది.

"ముడి మధ్యలో ఉంటే, వీడు లాగింది మీ దాకా ఎలా వచ్చిందండీ? మీరు లాగినా వీడికెలా తెలుస్తుంది?"

నా వైపు తాడూ, ఆయన వైపు తాడూ లాగాలంటే ఎవరో ఆ రాతికొమ్ము దగ్గర నిలబడాలి. మేం వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. గాలి అనుకుందామంటే, గాలి మూడు లెక్కపెట్టి లాగదు. పైగా మూడంటే అర్థం మా ఇద్దరికే తెలుసు.

అదేంటో ఈరోజుకీ నాకు తెలియదు. చెరువులు మాత్రం విడదీసుకోలేదు. ఇప్పుడు తాడు మూడుసార్లు లాగితే నేను వెంటనే లాగను. తెప్ప మీద బావగారు రెండు చేతులూ పైకెత్తి, లాగింది తనేనని చూపించేదాకా ఆగుతాను.