ఎడ్లకు పోసినట్టు పోసిన నీళ్లు

ట్రాక్టర్ పందేల పిచ్చితో మా అన్నయ్య మా ట్రాక్టర్‌కు టర్బో బిగించి ఇంజన్ పవర్ బాగా పెంచాడు. ఒంగోలు మెకానిక్ అప్పుడే హెచ్చరించాడు. "పవర్ ఎంతైనా పెంచొచ్చండి, ఇంజన్ ఇనప దిమ్మ, అదే బ్లాక్, పాతదే కదా. పందెంలో కాసేపైతే తట్టుకుంటుంది. పూటంతా అంటే నేను చెప్పలేను."

ఈ ఏడు మా పొలం దాకా కాలవ నీళ్లు రాలేదు. మిరప పూత మీద వాడిపోతోంది. వాగులో మిగిలిన నీళ్లు తోడటానికి ఆ ట్రాక్టరే దిక్కయింది. పొద్దుటినుంచి ఆపకుండా పంపు నడిపాం. సగం తోట తడిసేసరికి ఇంజన్ సెగలు కక్కింది. ఆపేశాం. అప్పటికీ బ్లాక్ తట్టుకునే ఉంది.

నాన్న ఒకప్పుడు పందేల్లో ఎడ్లతో బండ లాగించిన మనిషి. పందెం నుంచి వచ్చిన ఎడ్ల మీద పోసినట్టే, వాగులోంచి బిందెతో నీళ్లు తెచ్చి ఇంజన్ మీద కుమ్మరించాడు. చన్నీళ్లు తగలగానే కాగిన బ్లాక్ టప్పుమని నిలువునా పగిలింది.

నాకు ఒళ్లు మండింది. "ఏం పని నాన్నా ఇది?" అని అరిచాను.

"ఆయాసం తీరుద్దనుకున్నాన్రా" అన్నాడు.

బిందె అడుగున మిగిలిన నీళ్లు, తడవని సాలులో మొదటి మొక్కకు పోశాడు. ఖాళీ బిందెతో మళ్లీ వాగు వైపు నడిచాడు.