డాబా మీద సోలార్, కింద మా వంటిల్లు

మే పన్నెండు. ఉదయం రెండు వాయల ఇడ్లీ వేశాను, బకెట్టెడు బట్టలు ఉతికాను, మాగాయ ముక్కలు డాబా మీద ఎండబెట్టాను.

ఇంతలో సోలార్ పలకలకు కొలతలు తీయడానికి మావారు పిలిపించిన మనిషి వచ్చాడు. మాగాయకు చోటుండదని నెలగా నేనే అడ్డు చెబుతున్నాను.

"సబ్సిడీ ఇచ్చేంత ప్రేమేంటండీ ప్రభుత్వానికి, మా డాబా మీద?" అని అడిగాను.

"భూమి వేడెక్కకుండానండి."

"అదొక్కటేనా?"

అతను నవ్వాడు. "బయటి దేశాల నుంచి బొగ్గు కొనే ఖర్చు తగ్గుద్దండి. ఫ్యాక్టరీల్లో పని దొరుకుద్దండి. ఓట్లు కూడా ఉంటాయి కదండి."

కొలతలు చూశాను. పలకల నీడంతా మా వంటింటి శ్లాబు మీదే పడుతుంది. వెంటనే ఒప్పుకున్నాను.

"భూమి కోసం ఎంత త్యాగం!" అని మావారు మురిసిపోయారు. నేను కాదనలేదు. ప్రభుత్వమే తన కారణాలన్నీ చెప్పనప్పుడు నేనెందుకు చెప్పాలి? మీరైతే చెబుతారా?

వంటిల్లు చల్లగా ఉండేలా చేస్తానని పెళ్లైన కొత్తలో ఆయన ఇచ్చిన మాట ఇన్నాళ్లూ బాకీ. ఈ రోజుతో చెల్లు.