మేనత్త కోసం మూడిండ్లు చూసినం

మొన్న అయిజ నుంచి మా తమ్ముడు ఫోన్ చేసిండు. వాళ్ల అత్తగారికి మతిమరుపు ముదిరిందట, వృద్ధాశ్రమం చూస్తుండు. "అక్కా, నువ్వు మూడు తిరిగినవు గద, ఏమేం చూడాలె, జర చెప్పు" అన్నడు. "వాళ్లకు ముందు చెప్పకుంట పో. అక్కడ అన్నం తినకు. ముందుగాల ముసలోళ్ల మణికట్లు చూడు" అన్న. "మణికట్లా?" అని నవ్విండు వాడు. ఆ సంగతి వానికి నేనెన్నడూ చెప్పలె మరి.

మా మేనత్త చెయ్యి శానా గట్టిది. నా చిన్నప్పుడే తల్లి పోతే నన్ను పెంచింది ఆమెనే. ఆత్మకూరు పక్కన చేన్ల మొగోళ్లతోని సమానంగ గుంటుక తోలిన చెయ్యి. ఎనభై దాటినంక మతి తప్పింది గని చెయ్యి మాత్రం గురి తప్పలె. నన్ను దొంగ అనుకొని పీటతోని నెత్తి పగలగొట్టింది, నాలుగు కుట్లు పడ్డయి. మా ఇంటాయన కండ్లద్దాలు రెండు జతలు పాయె. పాపం, ఆయన "ఇయ్యాల ఎట్లున్నదే?" అని వాకిట్లనే నన్ను అడిగి గని లోపలికి అడుగు పెట్టేటోడు కాదు. ఒకనాడు కొడవలి పట్టుకొని పక్కింటామె మీదికి ఉరికింది. అది గుంజుకోబోతే నా అరచెయ్యి తెగింది. ఇగ నాతోని కాదని ఆ పూటనే ఏడ్చుకుంట ఒప్పుకున్న.

మా దిక్కు పిల్లనియ్యాలంటె ముందు ఆ ఇంటికి కబురు పంపి, మంచి దినం చూసి పోయి, ఒక పూట తిని వస్తరు. రొట్టె మెత్తగుంటె ఇల్లు మంచిదన్నట్టు. మేమూ గట్లనే పోయినం, బుద్ధి లేక. గద్వాలల పెట్టిన రొట్టె అట్టముక్క లెక్కుండె, అక్కడికక్కడే వద్దనుకున్నం. నాగర్‌కర్నూల్‌ల అయితే ఒకటే లొల్లి. ఒక అవ్వ అక్కడ పనిచేసే ఆయమ్మను బూతులు తిట్టుకుంట పప్పుగిన్నె ఇసిరింది, అది మా ఇంటాయన చెవి పక్కకెళ్లి పోయి గోడకు తగిలింది. ఆయమ్మ గూడ ఊకోలె. "నీ నోట్ల మన్నువడ, మల్ల ఇసురు చూస్త" అని తిరిగి తిట్టింది. "ఒకామెతోనే సస్తున్నం, గిక్కడ ఇరవై మంది" అనుకుంట ఆయన చెప్పులు చేతుల పట్టుకొనే బయటపడ్డడు. వనపర్తిల మాత్రం సప్పుడు లేదు. బండలు తళతళ మెరుస్తుండె. ముసలోళ్లంత మంచాల మీద దుప్పట్లు కప్పుకొని కుదురుగ ఉన్నరు. జొన్నరొట్టె మెత్తగ, వేడివేడిగ, పక్కకు పుంటికూర. నేను రెండు రొట్టెలు తిని "ఇదే" అన్న. "అలవాటయ్యేదాంక నెలరోజులు రాకుండ్రి" అన్నది అక్కడి మేడం. అత్తగారింటికి పంపిన పిల్లను ఎమ్మటే చూడబోవద్దన్నట్టు నేనూ తలూపిన.

చలి మొదలైంది. ఆమె గొంగడి మా ఇంట్లనే మరిచినమని పందొమ్మిదో దినం చెప్పకుంట పట్టుకపోయిన. దుప్పటి తీసి చూద్దును గద, రెండు చేతులు పాతచీర పేలికలతోని మంచానికి కట్టేసి ఉన్నయి. మణికట్లు పుండ్లు. అట్ల కట్టిన ఆయమ్మ పక్కనే నిలవడి "కొడ్తది అమ్మా, ఏం చెయ్యాలె?" అన్నది. నేను ఆమె చెంప మీద లాగి కొట్టిన. జుట్టు పట్టి గోడకు గుద్దిన, అబద్ధమెందుకు. ఆమె తిరిగి చెయ్యెత్తలె. రైక చెయ్యి పైకి గుంజి చూపిచ్చింది. మా అత్త పండ్ల గాట్లు, నల్లగ కమిలి ఉన్నయి. "ముప్పై మందికి నేనొక్కదాన్నే" అని ఏడ్చింది. నాకు సిగ్గయింది గని కోపం తగ్గలె.

ముడులు ఊడకపోతే పేలికలు పండ్లతోని కొరికి తెంపిన. చెయ్యికి కట్టు ఊడంగనే మా అత్త నా చెంప మీద ఒక్కటిచ్చింది. "ఇన్నొద్దులు యాడ సచ్చినవే, బిడ్డా?" అన్నది. ఏడాది నుంచి దొంగ అనుడే గని బిడ్డా అనలె. ఆ దెబ్బకు బొటబొట కండ్లనీళ్లు కారినయి నాకు.

ఆ పొద్దే నాగర్‌కర్నూల్‌కు తోలుకపోయిన. తిట్టుకుంట, తిట్లు తినుకుంట, చేతులు ఆడిచ్చుకుంట రెండేండ్లు బతికింది అక్కడ. ఆమె పోయి ఆరేండ్లాయె. వనపర్తిల ఆ పందొమ్మిది దినాలు ఆమెకు ఎంత పొడుగైనయో అడగనీకి నాకెన్నడూ నోరు రాలె. నాకైతే అవి ఇట్టే గడిచిపోయినయి. శానా యేండ్లకు కడుపునిండ తిని, కంటినిండ నిద్రపోయిన దినాలవి.