తాడు పట్టిన బామ్మర్ది

కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో మా చెంచుగూడెం మొత్తానికి కాగితం చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కింద ఊళ్ళో హాస్టల్లో ఉండి ఐదో తరగతి పాసయ్యాను. ఆ మాత్రానికే కళ్ళు నెత్తికెక్కాయి. హాస్టల్లో నా మాటకు నవ్వేవాళ్ళు, నల్లమల ఎక్కి గూడేనికొస్తే నా చొక్కాకు నవ్వేవాళ్ళు. పెళ్ళయ్యాక కూడా ఎక్కడా కుదురుగా కూర్చున్నది లేదు.

ఆ ఏడు ఒక ఆఫీసరు వచ్చాడు. కొండ దిగి నందికొట్కూరు వైపు రోడ్డు పక్కకు వస్తే ఇంటికి ఐదెకరాలు, జత ఎద్దులు, పెంకుటిల్లు ఇస్తామన్నాడు. ఆయనదీ తెలుగే, మావాళ్ళదీ తెలుగే. అయినా ఒకరి మాట ఒకరికి ఎక్కలేదు. "మీకంటూ భూమి ఉంటుంది" అంటాడాయన. మాకు కొండంతా ఇంటిపేర్ల వారీగా ఉంది. ఒకరి కొండలో ఇంకొకరు గడ్డ తవ్వాలన్నా అడిగే తవ్వుతారు. నా భార్య తమ్ముడు ఆయన్ను మెల్లగా అడిగాడు.

"ఇప్పుడు లేదా సామీ మాకు?"

ఆఫీసరు నవ్వి కాగితం నా చేతికిచ్చాడు. "నువ్వే చదివి చెప్పవయ్యా."

చదివాను. ఐదెకరాలు చదివాను, ఎద్దులు చదివాను, పెంకుటిల్లు చదివాను. ఇకపై కొండమీద తేనెకూ గడ్డలకూ మాకు ఏ హక్కూ ఉండదని చివర్లో రాసి ఉంది. అది చదవలేదు. అర్థం కాక కాదు. చదివితే ఎవరూ దిగరని తెలుసు. నాకేమో పెంకుటిల్లు కావాలి, ఆఫీసరు ముందు పనికొచ్చేవాడిననిపించుకోవాలి.

"అంతేనా బావా?" అన్నాడు బామ్మర్ది.

"అంతే" అన్నాను. ముందు వాడు వేలిముద్ర వేశాడు. వాణ్ణి చూసి అందరూ వేశారు.

కొండ దిగి చూస్తే ఐదెకరాల్లో మట్టికంటే రాళ్ళెక్కువ. విత్తనానికిచ్చిన జొన్నల్ని మా అత్త పొయ్యిమీదికెక్కించింది. "ఆకలైతాంటే తిండిని మట్టిలో పూడుస్తారా ఎవురన్నా?" అంది. మా ఎద్దుల్లో ఒకదాని మెడ పుండుపడిందని బామ్మర్ది కాడి విప్పి దాన్ని అడవిలోకి తోలేశాడు. ఆఫీసరుకు ఏం చెప్పాలో నాకు పాలుపోలేదు.

తేనె దినాలొచ్చాయి. మా అత్తవారి ఇంటిపేరున ఉన్న కొండచరియ దగ్గరికి వెళ్తే ఫారెస్టు గార్డు అడ్డం నిలిచాడు. తేనెను వేలంలో కాంట్రాక్టరుకు ఇచ్చేశారట, మేము రాసిచ్చామట. బామ్మర్ది నా వైపు తిరిగాడు.

"ఆ మాట కాగితంలో ఉండాదా?"

"ఉండాది."

"నువ్వు సూసినావా?"

"సూసినా."

కొట్టి ఉంటే బాగుండేది. తిట్టినా సరిపోయేది. వాడు వెనక్కి తిరిగి కొండ దిగిపోయాడు. మర్నాడే తల్లిని తీసుకుని లోపలి కొండల్లోకి వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా అన్ని ఇళ్ళూ ఖాళీ అయ్యాయి. వెళ్తున్నామని ఒక్కరూ నాకు చెప్పలేదు. నా భార్య మాత్రం ఉండిపోయింది, అదీ అవసరానికే నోరు విప్పేది. అన్ని పెంకుటిళ్ళ మధ్య మిగిలిన ఎద్దుతో మాట్లాడుకుంటూ తిరిగాను. అంత ఒంటరితనం హాస్టల్లో కూడా ఎరగను.

కాంట్రాక్టరు కూలీలు కింది ఊళ్ళవాళ్ళు. చరియ చూసి, మేం దిగలేం అన్నారు. కాంట్రాక్టరు నన్ను పిలిచాడు. ఇంట్లో గింజల్లేవు, ఒప్పుకున్నాను. మాలో తేనెకు దిగేవాడి తాడు భార్య తోడబుట్టినవాడే పట్టాలి. సొంత అన్నదమ్ముల్ని కూడా ఆ పనికి నమ్మరు. తన అక్క విధవ కావాలని ఏ తమ్ముడూ కోరడు గదా. "తాడు మా కూలీలు పడతార్లే" అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట విని నా భార్య ఎటో వెళ్ళింది, రెండు రోజులు ఇంటికి రాలేదు.

మూడోరోజు పొద్దున చరియ అంచున నారతాడు నడుముకు కట్టుకుంటుంటే చెట్లలోంచి బామ్మర్ది వచ్చాడు. వెనక నా భార్య. వాడు కూలీ చేతిలోంచి తాడు లాక్కుని, ముడి చూసి, బండకు కాలు తన్నిపెట్టి నిలబడ్డాడు.

"వచ్చినావా అప్పా?" అన్నాను. వాడు తాడు బిగించాడు. దిగాను.

తేనెటీగల్ని లేపడానికి పెట్టే పొగలో కిందివాడు పైవాడికి కనపడడు. అందుకని పైనున్నవాడు "బావా, యాడుండావు?" అని కేకేస్తూనే ఉంటాడు, కిందివాడు "ఈడుండా" అంటాడు. ఆరోజు పైనుంచి కేక రాలేదు. తాడు మాత్రం నాకు కావలసినంతే, మూర తర్వాత మూర వదులవుతూ వచ్చింది. అడగకపోయినా "ఈడుండా, ఈడుండా" అని నేనే అరిచాను. తేనె కోస్తూ ఏడ్చాను.

ఆ తర్వాత వాడు బతికినన్నాళ్ళూ నా తాడు వాడే పట్టాడు. ఏ ఏడూ జానెడు కూడా జారనివ్వలేదు. బావా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.