సోడా తాగిన సాక్షులు

నయమయ్యే దారిన పడ్డ మనిషిని గోలీ సోడాలు పోసి మళ్లీ మొదటికి తెచ్చిన ఘనుడు కృష్ణా జిల్లా మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. వాడే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. కాస్త సర్దుకుని కూర్చోండి.

డెబ్బైల్లో మాట. ఐదో తరగతిలోనే బడికి వందనాలు చెప్పేసిన నేను ఉయ్యూరులో సోడా కొట్టు నడిపేవాణ్ణి. మా రూతక్క మొగుడు ప్రేమానందం బావ చెరకు కాటా దగ్గర గుమాస్తా. ఆదివారం చర్చిలో హార్మోనియం ఆయనదే. అలాంటి మనిషి ఉన్నట్టుండి పాట మానేశాడు. తిండి సయించదు. తెల్లారితే మంచం దిగడు. పలకరిస్తే ఒకటే మాట: "నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటేరా ఏసోబూ." ఆ మాట విన్నప్పుడల్లా అక్క వంటింట్లోకి వెళ్లి కొంగు నోట్లో కుక్కుకునేది.

బెజవాడలో మనసు జబ్బులు చూసే డాక్టరొకాయన ఉన్నాడంటే తీసుకెళ్లాను. ఆయన నిద్రకు మాత్ర రాసిచ్చి, ఇక కబుర్లలోకి దిగాడు.

"మీరు లేకపోయినా ఒకటే అంటున్నారు. సాక్ష్యం ఏమిటి?"

డాక్టరుకు బదులు ప్లీడరు దగ్గరికి తెచ్చానేమోనని బయటికి వెళ్లి బోర్డు చదివొచ్చాను. డాక్టరే.

"చర్చి మానేసి చాలాకాలమైందండీ," అన్నాడు బావ నేల చూస్తూ. "ఇప్పుడెళ్లినా నన్ను పలకరించేవాడుండడు."

"అయితే పరీక్షించి చూద్దాం. ఈ ఆదివారం ఎవరికీ చెప్పకుండా వెళ్లి వెనక వరుసలో కూర్చోండి. మీ ఆలోచన నిజమో కాదో కళ్లతో చూసి రండి. మనసు చెప్పినదల్లా నమ్మకుండా ఇలా సరిచూసుకోవడమే ఇందులో వైద్యం."

ఎవరికీ చెప్పకుండా! ఆ ముక్క నేనూ విన్నాను. చెవులున్నాయి, మధ్యలో ఉండాల్సిందే లేదు. ఇంత పెద్ద పరీక్షకు బావను ఒంటరిగా పంపి, ఖర్మకాలి ఎవడూ పలకరించకపోతే? మంచం దిగే మనిషేనా మళ్లీ? అందుకని శనివారం కొట్టుకొచ్చిన ప్రతివాడికీ సోడా ఉచితంగా కొట్టిచ్చి చెవిలో ఊదాను. "రేపు మా బావ కనిపిస్తే, మీరు లేక చర్చి బోసిపోయిందండీ, అనాలి. మర్చిపోకండేం."

ఎవడూ మర్చిపోలేదు. అదే కొంప ముంచింది.

ఆదివారం బావ వెనకే నేనూ వెళ్లాను. చర్చి గేటు దగ్గరే పాస్టరుగారు ఎదురొచ్చారు. "వందనాలు ప్రేమానందం గారూ. మీరు లేక చర్చి బోసిపోయిందండీ."

బావ ముఖం కాస్త విచ్చుకుంది. నేను మీసం దువ్వుకున్నాను.

చెప్పులు విడుస్తుంటే తబలా వాయించే దానియేలు. "బోసిపోయిందండీ."

గుమ్మంలో సండేస్కూలు మేష్టారు. "బోసిపోయిందనుకోండి."

చివరికి ఇస్త్రీ చొక్కా కుర్రాడొకడు వంగి మరీ దణ్ణం పెట్టాడు. "మీరు లేక చర్చి బోసిపోయిందండీ."

బావ ఆగాడు. "మీరెవరు బాబూ? ఎప్పుడూ చూడలేదే."

"నేనాండీ? పెళ్లిచూపులకని నిన్న సాయంత్రమే బందరు నుంచి వచ్చానండీ. ఈ చర్చికి రావడం ఇదే మొదలు."

బావ మెల్లగా నా వైపు తిరిగాడు. "ఒరేయ్, ఎంతమందికి పోశావురా సోడా?"

నేను వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

"చూశావా," అన్నాడు. ఆ గొంతులో కోపం ఉన్నా బాగుండేది. "సోడా తాగిస్తే తప్ప నన్ను పలకరించేవాడు లేడు. డాక్టరుగారడిగిన సాక్ష్యం దొరికింది. పోదాం పద."

వెనక్కి తిరిగాడు. గుమ్మానికి అడ్డంగా సువార్తమ్మ అవ్వ. శ్రుతి గురించి క్రిస్మస్‌కు బావతో గొడవపడి మాటలు మానేసిన మనిషి. అందుకే ఆవిడ దరిదాపులకు నేను పోలేదు.

"ఎక్కడికిరా పోతున్నావు?" అంది కర్ర అడ్డంపెట్టి. "నీకు కోపమైతే నామీద చూపించు, పాటల మీదేంటి? నువ్వు శ్రుతి ఇయ్యక నా గొంతు ఎటు పోతుందో నాకే తెలవట్లేదు. పిల్ల వెధవలు నవ్వుతున్నారు. పో, పోయి ఆ పెట్టె ముందు కూకో!"

బావ అనుమానంగా చూశాడు. "అవ్వా, వీడు నీకు సోడా ఇచ్చాడా?"

"వీడి సోడానా? ఆ సబ్బునీళ్లు ఎవడు తాగుతాడ్రా?"

నెలల తరవాత బావ నవ్వాడు. నవ్వుతూనే వెళ్లి హార్మోనియం ముందు కూర్చున్నాడు.

తరవాత బెజవాడ వెళ్లినప్పుడు అంతా ఒప్పుకున్నాను. డాక్టరుగారు నన్ను చూసిన చూపు గురించి ఇక్కడ చెప్పను. "సోడా తాగిన సాక్షులందర్నీ లెక్కలోంచి కొట్టేద్దాం," అన్నారు బావతో. "ఇంకేం మిగిలింది?"

"ఒక తిట్టు మిగిలిందండీ."

"అది చాలు. అక్కణ్ణుంచి మొదలుపెడదాం."

అంతటితో జబ్బు ఎగిరిపోయిందని చెప్తే నేను మళ్లీ సోడా పోస్తున్నట్టే. మళ్లీ మంచం దిగని పొద్దులూ వచ్చాయి. కానీ అప్పుడు కూడా బావ తనను తాను "సాక్ష్యం ఏమిటి?" అని ప్రశ్నించుకోవడం నేర్చుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వంటింట్లో అక్క పాట వినిపించింది.

వచ్చిన చిక్కల్లా నాకే. ఒకరోజు కొట్లో కూర్చుని, "ఉయ్యూరు మొత్తానికి నా సోడాయే గొప్పది బావా," అన్నాను.

"సాక్ష్యం?"

"అందరూ అంటారుగా!"

"వాళ్లలో డబ్బిచ్చి తాగినవాడెవడు?"

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, గోలీ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి వైద్యంలోనూ వేలు పెట్టను, ఎవరికీ మంచిమాటలు సరఫరా చెయ్యను. సువార్తమ్మ అవ్వ ఉన్న వీధిలో నా సోడా పేరు ఎత్తను.